అత్తయ్యగారి రాగి బాయిలరు - నా ఊక డ్రమ్ము

ఇంటిపనుల జాబితా రాయమంటే మనం వంట, అంట్లు, బట్టలు, ఊడవడం, తుడవడం అని టకటకా రాసేస్తాం. ‘వేణ్ణీళ్ళు’ అని విడిగా రాసేవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పండి? గీజరున్న ఇంట్లో అది స్విచ్చు నొక్కినంత పని. కట్టెలతో కాచుకునే ఇంట్లో మాత్రం అదొక పూట పని. పొద్దున్న నాలుగున్నరకి లేవాలి. బూడిద తీసి, పుల్లలు పేర్చి, అంటించి, ఊది, పొగలో కళ్ళు నులుముకుంటూ కూర్చుంటే నీళ్ళు కాగేసరికి తెల్లవారుతుంది. ఒకరి స్నానం అయ్యాక ఇంకొకరికి మళ్ళీ నీళ్ళు పోసి, మళ్ళీ కట్టె ఎగదోసి... అందరివీ అయ్యాక ఆఖర్న ఇల్లాలికి మిగిలేవి గోరువెచ్చని నీళ్ళే. అవునా, కాదా?

మాది కోనసీమ. పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరి చెట్లు, వెనక పెద్ద దొడ్డి. నేను కాపురానికి వచ్చింది 1984లో. ఆ దొడ్లో నూతి పక్కన అప్పటికే ఒక రాగి బాయిలరు ఉంది. రెండు బిందెల నీళ్ళు, అంటే ముప్ఫయి లీటర్లు పడుతుంది. 1960లో మా అత్తయ్యగారు కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటివాళ్ళు సారెతో పాటు పంపించారట. అప్పుడు ఈ ఊళ్ళో బాయిలరున్న ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేటన్నిట. తక్కినవాళ్ళంతా మూడు రాళ్ళమీద కాగు పెట్టుకునేవారు.

ఈ కాలం పిల్లలు బాయిలరు చూసి ఉండరు కాబట్టి కాస్త చెప్తాను. అదొక నిలువుపాటి రాగి పాత్ర. మధ్యలో కిందినుంచి పైదాకా ఒక గొట్టం. ఆ గొట్టమే పొయ్యి. అడుగున ఇనప ఊచలు, వాటి కింద బూడిద పడే చోటు, పుల్లలు పెట్టేందుకు పక్కన చిన్న తలుపు. గొట్టం చుట్టూ నీళ్ళు. పైన నీళ్ళు పోసే మూతి, దానికో మూత. కింద, అడుగుకి కాస్త ఎత్తులో, ఇత్తడి కుళాయి. మంట మధ్యలో ఉండి నీళ్ళు చుట్టూ ఉంటాయి కనక పక్కలకి పోయే వేడి నీళ్ళలోకే పోవాలి. కాగుకి అలా కాదు. మంట అడుగున తగిలి, సగం వేడి పక్కలనించి గాలిలో కలిసిపోతుంది. అందుకే బాయిలరుకి కాగు కంటే కట్టె తక్కువ పడుతుంది. చదువుకున్నవాళ్ళు చెప్పే సూత్రమే అయినా, దీన్ని తయారుచేసిన కంచరివాళ్ళకి ఏనాడో తెలుసు.

మా ప్రాంతంలో కట్టె కొనే పని లేదు. చెట్టునించి రాలిన మట్టలు, ఎండిన గెలలు, కొబ్బరి చిప్పలు, డొక్కలు... ఎంత తగలేసినా ఇంకా ఉంటాయి. 1999లో దీపం పథకం వచ్చాక మా ఊళ్ళో చాలా వంటిళ్ళలోకి గ్యాసు వచ్చింది. వంటింట్లో పొగ పోయింది. దొడ్లో పొగ మాత్రం అలాగే ఉండిపోయింది. సిలిండరు అంతంత డబ్బు పోసి కొని, దాన్ని స్నానాల నీళ్ళకి ఎవరు ఖర్చుపెడతారు?

ఆ బాయిలరు మాకు చేసిన మేలు కూడా చెప్పాలి. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమవాళ్ళెవరూ మర్చిపోరు. ఎందరో పోయారు. కొబ్బరి తోటలు పడుకుండిపోయాయి. కరెంటు స్తంభాలు విరిగిపోయి రోజుల తరబడి చీకటే. అప్పుడు మా దొడ్లో బాయిలరు పొద్దుట్నించి రాత్రిదాకా మండుతూనే ఉంది. పసిపిల్లలున్నవాళ్ళు, ఒళ్ళు నలిగినవాళ్ళు బిందెలు పట్టుకొచ్చి వేణ్ణీళ్ళు తీసుకెళ్ళారు. అత్తయ్యగారు కొంగు బిగించి పొయ్యి దగ్గర నించునే ఉన్నారు. ‘కరెంటు లేనప్పుడు కదే దీని విలువ తెలిసేది’ అని ఆవిడ ఇప్పటికీ అంటూ ఉంటారు.

అయితే నాకు ఆ పొయ్యి అంటే లోపల ఒక భయం ఉంది. దానికి కారణం మా అమ్మ.

మా అమ్మ చుట్టగానీ, పొగాకుగానీ ఎరగని మనిషి. అరవై దాటాక దగ్గు పట్టుకుంది. మొదట చలికాలం మాత్రమే ఉండేది, తర్వాత ఏడాది పొడుగునా. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కాకినాడ తీసుకెళ్తే డాక్టరుగారు గొట్టంలో ఊదించి పరీక్ష చేసి, ‘మీ అమ్మగారికి చుట్ట అలవాటుందా?’ అనడిగారు. మా అమ్మకి అంత ఆయాసంలోనూ కోపం వచ్చింది. అప్పుడాయన ‘కట్టెల పొయ్యి దగ్గర ఎన్నేళ్ళు కూచున్నారమ్మా?’ అన్నారు. అమ్మ లెక్కపెట్టుకుని ‘పదో ఏటినించీ బాబూ’ అంది. పొగ తాగేవాళ్ళకి ఊపిరితిత్తుల్లో వచ్చే జబ్బే, ఏళ్ళ తరబడి కట్టెల పొగ పీల్చిన ఆడవాళ్ళకీ వస్తుందట. పాడైనంత మేర మళ్ళీ బాగుపడదట. ఇంకా పాడవకుండా చూసుకోవడమేనట. 2011లో అమ్మ పోయింది. ఆఖరి రెండేళ్ళూ కూచునే నిద్రపోయింది.

అందుకని 2022 చలికాలంలో నాకు పొద్దున్న బాయిలరు దగ్గర దగ్గు మొదలైనప్పుడు నా గుండె జారిపోయింది. దానికి తోడు మోకాళ్ళ నొప్పులు. గొంతుకూచుంటే లేవలేను. అప్పుడే మా అమ్మాయి ఏడో నెలలో పురిటికి వచ్చింది. కడుపుతో ఉన్న పిల్లకీ, రేపు పుట్టబోయే బిడ్డకీ ఈ పొగ తగలడానికి వీల్లేదని నేను గట్టిగా అనుకున్నాను.

మావారు వెంటనే తేల్చేశారు. ‘లోపలి బాత్‌రూములో గీజరు పెట్టిద్దాం. ఆ రాగి సామాను అమ్మేద్దాం’ అన్నారు. అన్నట్టే వారంలో పదిహేను లీటర్ల గీజరు వచ్చింది. రాగి, ఇత్తడి కొనే అతను కూడా తూకం పట్టుకుని వచ్చాడు. అత్తయ్యగారు వసారాలో కూచుని అంతా చూశారు. ‘కరెంటు నీళ్ళు ఒంటికి పట్టవురా’ అన్నారు ముందు. మావారు నవ్వేశారు. ‘సరే, మీ ఇష్టం. అమ్ముకోండి. నాకు చన్నీళ్ళు చాలు’ అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆవిడ మాటంటే మాటే. ఎనభై ఏళ్ళు దాటిన మనిషి, మార్గశిర మాసంలో, రెండు రోజులు నూతి నీళ్ళే పోసుకున్నారు. మూడోరోజుకి ఒళ్ళు వెచ్చబడింది. కొనే అతన్ని ‘మళ్ళీ కబురు చేస్తాం’ అని నేనే పంపించేశాను.

ఇందులో ఆవిడ మొండితనం మాత్రమే లేదు, న్యాయం కూడా ఉంది. లోపలి బాత్‌రూము గచ్చు నున్నటి టైల్స్. కాలు జారితే తుంటి విరుగుతుంది. దొడ్లో బాత్‌రూములో గరుకు రాతి పలక ఉంది, పట్టుకోవడానికి గోడకి కమ్మీ ఉంది. ఆవిడ నువ్వులనూనె రాసుకుని, పీటమీద కూచుని, తాపీగా మూడు బక్కెట్లు పోసుకుంటే గానీ ఆ కీళ్ళు కదలవు. పదిహేను లీటర్ల గీజరు నీళ్ళు చన్నీళ్ళు కలిపితే రెండు బక్కెట్లు అవుతాయి. తర్వాత మళ్ళీ కాగేదాకా తడిబట్టతో కూచోవాలి. పోనీ సోలారు పెట్టిద్దామా అంటే, మా పెంకుల కప్పుమీద కొబ్బరి చెట్ల నీడ మధ్యాహ్నం కూడా తొలగదు. ఎండ పడని చోట సోలారు ఏం చేస్తుంది?

అంటే బాయిలరు ఉండాలి, పొగ ఉండకూడదు. తెల్లవారుజామున ఎవరూ దాని ముందు గొంతుకూచోకూడదు. ఎలా?

దారి చూపించింది మా ఆడపడుచు కూతురు. అది స్వీడన్‌లో ఉంటుంది. ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతూ నాతోనూ మాట్లాడింది. ‘అత్తా, మేం అద్దెకున్న ఇంట్లోనూ కట్టెల బాయిలరే తెలుసా!’ అంది. అంత చలిదేశంలో, అంత డబ్బున్న దేశంలో కట్టెలా అనుకున్నాను. అక్కడ అడవులు ఎక్కువ, పల్లెల్లో చాలా ఇళ్ళకి కట్టెల బాయిలర్లు ఉంటాయట. ఇంటిని వెచ్చబెట్టేది కూడా ఆ వేణ్ణీళ్ళేనట, గొట్టాల్లో గది గదికీ తిరుగుతాయట. ‘మరి రాత్రంతా మంట వేస్తూ ఎవరు కూచుంటారే?’ అన్నాను. ‘ఎవరూ కూచోరు. రోజుకి ఒక్కసారి వెలిగిస్తాం. బాయిలరు పక్కనే మనిషికంటే ఎత్తు ట్యాంకు ఉంటుంది. మంట జోరుగా వేసి, ఆ వేడంతా ట్యాంకులో నీళ్ళకి ఎక్కించేస్తాం. ట్యాంకు చుట్టూ మందంగా దుప్పటి కప్పినట్టు ఉంటుంది. రేపటిదాకా ఆ వేడే వాడుకుంటాం’ అంది.

అది ఇంకో మాట చెప్పింది, అదే నాకు అసలు కీలకం అనిపించింది. కట్టె ఎప్పుడూ జోరుగా, బాగా గాలి తగుల్తూ కాలాలట. మంట తగ్గించి, గాలి మూసేసి, కుంపటిలా నెమ్మదిగా రాజేస్తే కట్టె సరిగా కాలదు. కాలని భాగమే పొగ. అదే గొట్టంలో నల్లగా జిగురులా పేరుకుంటుంది. నీళ్ళు వేడిగా ఉండాలని మనం నిప్పు ఆరకుండా దాస్తాం చూడండి, అక్కడే పొగంతా పుడుతోందన్నమాట! మా ఇంట్లోనూ అంతే. ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తుంటే నీళ్ళు చల్లారకూడదని డొక్కలు అడ్డం పెట్టి రాజేసి ఉంచుతాం. డొక్క మంట మండదు, పొగ మాత్రం గంటసేపు కక్కుతుంది.

నిప్పుని నిలవ చేసేకన్నా వేడి నీళ్ళని నిలవ చేసుకుంటే సరి! మన పెద్దవాళ్ళు వండిన అన్నం కుండకి గోనె చుట్టి పెట్టేవారు కాదూ? ఇదీ అంతే.

ఇక పని మొదలుపెట్టాం. స్వీడన్ ట్యాంకులు మన కెందుకు? నా దగ్గర నలభై లీటర్లు పట్టే స్టెయిన్‌లెస్ స్టీలు డ్రమ్ము ఉంది, బియ్యం పోసుకునేది. బియ్యాన్ని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చి, ఆ డ్రమ్ముకి అడుగున కుళాయి పెట్టించాను. దానికంటే బాగా వెడల్పైన నీలం ప్లాస్టిక్ డ్రమ్ము ఒకటి పాతది కొని, పొట్టిగా కోయించాను. పెద్దదాంట్లో అడుగున మూడు ఇటుకలు పెట్టి, వాటిమీద స్టీలు డ్రమ్ము కూచోబెట్టాం. చుట్టూ నాలుగైదు అంగుళాల ఖాళీ. ఆ ఖాళీ అంతా, ఇటుకల మధ్య కూడా, రైసుమిల్లునించి తెచ్చిన వరి ఊక కూరాం. ఊక మధ్య గాలి కదలకుండా చిక్కుకుని ఉంటుంది కనక వేడిని బయటికి పోనివ్వదు. పైన తడి దిగకుండా ప్లాస్టిక్ కాగితం అతికించాం. డ్రమ్ము మూతమీద పెట్టడానికి ఊక నింపిన గోనె దిండు ఒకటి కుట్టాను. వేడి ఎక్కువగా పోయేది పైనించే, అందుకని ఈ దిండు మర్చిపోకూడదు.

ఈ డ్రమ్ము బాత్‌రూము లోపల, అడుగు ఎత్తు దిమ్మమీద ఉంటుంది, కుళాయి కింద బక్కెట్టు పట్టేలా. బాయిలరు గోడకి అవతల, ఆరుబయట. బాయిలరు కుళాయి డ్రమ్ము మూతికంటే ఎత్తులో ఉంటేనే కదా నీళ్ళు వాటంతట అవి దిగేది? అందుకని మేస్త్రిని పిలిచి బాయిలరు కింద మూడడుగుల దిమ్మ కట్టమన్నాను. ‘అంతెత్తు ఎందుకండీ, ఆయ్, పొయ్యెవరైనా నెత్తిమీద పెట్టుకుంటారా?’ అన్నాడతను. కట్టాక అతనికే నచ్చింది. పుల్లలు పెట్టే తలుపు సరిగ్గా నడుం ఎత్తుకి వచ్చింది. వంగక్కర్లేదు, గొంతుకూచోక్కర్లేదు. నిలబడి పుల్లలు పెట్టొచ్చు. అంతెత్తుకి బిందె ఎత్తి పోయలేం కనక ఇంటిమీద ట్యాంకునించి గొట్టం, దానికో వాల్వు పెట్టించాం. బాయిలరునించి డ్రమ్ముకి ఇనప గొట్టమే వేయించాను. మామూలు ప్లాస్టిక్ గొట్టం మరిగే నీళ్ళకి మెత్తబడిపోతుంది. గొట్టం చుట్టూ కొబ్బరి తాడు చుట్టాం. బాయిలరు పొగ గొట్టానికి ఇంకో ఆరడుగులు అతికించి పైకి లేపాం. దాంతో మంట బాగా గుంజుతుంది, పొగ ముఖానికి రాకుండా పైకి పోతుంది.

ఇప్పుడు మా పద్ధతి చెప్తాను. సాయంత్రం నాలుగున్నరకి వెలిగిస్తాం. పగలంతా ఎండలో పెట్టిన చిప్పలు, సన్నగా చీల్చిన మట్టలు వాడతాం. డొక్కలు వాడం. తడి కట్టె వేస్తే దాంట్లో నీరు ఆవిరవడానికే కొంత వేడి పోతుంది. నీళ్ళు బాగా కాగేసరికి మంట తగ్గేలా చూసి, ఇరవై లీటర్లు డ్రమ్ములోకి దింపుతాం. బాయిలరులో మూడోవంతు నీళ్ళు ఎప్పుడూ ఉండాల్సిందే. వెంటనే వాల్వు తిప్పి నింపి, ఆ నిప్పులమీదే మళ్ళీ చిప్పలు వేస్తాం. రెండోసారి తొందరగా కాగుతుంది. మళ్ళీ ఇరవై లీటర్లు. డ్రమ్ము నిండింది. మూడోసారి నింపి వదిలేస్తే, మిగిలిన నిప్పుల వేడికి ఆ నీళ్ళు వెచ్చబడి సాయంత్రం కాళ్ళు కడుక్కోవడానికీ, ఎవరైనా స్నానం చేస్తామంటే దానికీ సరిపోతాయి. మొత్తం గంటన్నర, మూడు కిలోల లోపు కట్టె.

మా అబ్బాయి నా మాట నమ్మక థర్మామీటరు తెచ్చి కొలిచాడు. సాయంత్రం ఆరింటికి డ్రమ్ములో 82 డిగ్రీలు. పొద్దున్న ఆరింటికి 69! నాకే ఆశ్చర్యమేసింది. దానికి ఒక వంతు వేడి నీళ్ళకి ఒకటిన్నర వంతు చన్నీళ్ళు కలిపితే స్నానానికి సరిపోతుంది. అంటే నలభై లీటర్ల నిలవ నీళ్ళు వంద లీటర్ల వేణ్ణీళ్ళు అవుతాయి. పదిహేను లీటర్ల బక్కెట్లయితే ఆరు దాటి వస్తాయి. ఇవే నలభై లీటర్లు కరెంటుతో అంత వేడెక్కించాలంటే సుమారు రెండున్నర, మూడు యూనిట్లు ఖర్చవుతుంది. రోజూ కదా, నెలకి లెక్కేసుకోండి!

అత్తయ్యగారు మొదట్లో అనుమానంగానే చూశారు. ‘రాత్రి కాచిన నీళ్ళు పొద్దున్నకా? చద్ది నీళ్ళు పోసుకోమంటావేమిటే?’ అన్నారు. మొదటి రోజు నేను చన్నీళ్ళు కలిపి ఇచ్చాను. రెండో రోజు ఆవిడే కుళాయి తిప్పి చెయ్యి పెట్టబోతే ఆపాను. ‘ఇవి నిన్నటివేనా?’ అని మూడుసార్లు అడిగారు. ఆ తర్వాత మరి చద్ది నీళ్ళ మాట ఎత్తలేదు.

2023 జనవరిలో మనవరాలు పుట్టింది. బాలింత ఉన్న ఇంట్లో వేణ్ణీళ్ళు ఏ వేళప్పుడు కావాలో చెప్పలేం. పొద్దున్న తల్లి స్నానం, ఎండెక్కాక పిల్ల స్నానం, మధ్యలో గుడ్డలు తడపడానికి. ఏ వేళ కుళాయి తిప్పినా నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి, ఇంట్లో పొగ లేదు. అత్తయ్యగారు కాళ్ళు బారచాపుకుని, కాళ్ళమీద ముని మనవరాల్ని పడుకోబెట్టుకుని నీళ్ళు పోశారు. చేతులు వణుకుతాయి కాబట్టి చెంబుతో పోసేది నేను, పిల్లని పట్టుకునేది ఆవిడ. అయితే పిల్లకి సాంబ్రాణి పొగ వెయ్యడానికి మాత్రం నేను ఒప్పుకోలేదు. పిల్లల డాక్టరుగారు కూడా ఏ పొగా వద్దన్నారు. దానికి ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పోనీలెండి, మూడోరోజు ఆవిడే ‘కాఫీ ఏదే?’ అన్నారు.

మీలో ఎవరైనా ఇలా చేసుకుందామనుకుంటే ఈ జాగ్రత్తలు తప్పకుండా గుర్తుంచుకోండి.

* నీళ్ళు లేకుండా బాయిలరు వెలిగించకూడదు. ఖాళీ బాయిలరుకి మంట తగిలితే అతుకులు ఊడిపోతాయి. ముందు నీళ్ళు, తర్వాతే నిప్పు.

* బాయిలరు మూత బిగించకూడదు. ఆవిరి పోయే దారి ఎప్పుడూ ఉండాలి. డ్రమ్ము మూత కూడా ఊరికే పెట్టాలి, బిగించకూడదు.

* బక్కెట్లో ముందు చన్నీళ్ళు, తర్వాత వేడి నీళ్ళు. 69 డిగ్రీల నీళ్ళు చిన్నపిల్లల ఒంటిమీద పడితే క్షణంలో బొబ్బలెక్కుతాయి. మా డ్రమ్ము కుళాయికి పిల్లలు తిప్పలేకుండా పిడి తీసేసి పైన మేకుకి తగిలిస్తాం. పిల్లకి పోసేముందు మోచేత్తో చూడాలి.

* బాయిలరు ఆరుబయటే ఉండాలి. చలిగా ఉందని నిప్పుల కుంపటి బాత్‌రూములో పెట్టుకుని తలుపులు వేసుకోకండి. నిప్పులనించి వచ్చే విషవాయువుకి వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. గాలి ఆడని బాత్‌రూములో గ్యాసు గీజరు పెట్టుకున్నా ఇదే ప్రమాదం.

* నిలవ నీళ్ళు ఏ రోజువి ఆ రోజు వాడెయ్యండి. రోజుల తరబడి గోరువెచ్చగా ఉండిపోతే వాటిలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. వారానికోసారి డ్రమ్ము ఖాళీ చేసి కడగాలి.

* ఈ నీళ్ళు స్నానానికీ, ఉతుకుడికీ మాత్రమే. తాగడానికీ, వంటకీ వాడకండి.

* ఉప్పు నీళ్ళ ప్రాంతమైతే బాయిలరు లోపల సున్నంలా తెల్లటి పొర కడుతుంది. అది మందమైతే నీళ్ళు త్వరగా కాగవు. చిక్కటి చింతపండు నీళ్ళు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున్న కడిగితే పోతుంది. బయట తోమడానికీ చింతపండు, ఉప్పే.

* ఊక తడిస్తే పనిచెయ్యదు. వానాకాలం వెళ్ళాక తీసి ఎండబెట్టండి, లేదా కొత్తది మార్చండి. ఊక డ్రమ్ముని మంటకి దూరంగా ఉంచడం మర్చిపోవద్దు. మాకైతే మధ్యలో గోడ అడ్డం ఉంది.

* బూడిద పూర్తిగా చల్లారాకే ఎత్తండి. పైన చల్లగా కనిపించినా లోపల నిప్పు ఉంటుంది. చల్లారిన బూడిద అంట్లకి, మొక్కలకి పనికొస్తుంది.

ఒక్క మాట కూడా చెప్పాలి. పట్నంలో కట్టె కొనుక్కుని, బాల్కనీలో పొగ పెట్టుకుని ఇది చెయ్యమని నేను చెప్పను. ఎండ పడే డాబా ఉంటే సోలారుని మించింది లేదు. దాని ట్యాంకూ ఇలాగే వేడిని నిలవ ఉంచేదే. అది కుదరకపోతే గీజరు. కానీ పల్లెల్లో, తోటల్లో, ఊరికే కుళ్ళిపోయే పుల్లా పుడకా ఉన్న ఇళ్ళలో, ఎలాగూ కట్టెలే కాలుస్తున్నవాళ్ళు మాత్రం ఒక్కసారి ఆలోచించండి. రోజుకి మూడుసార్లు పొగలో కూచునేకన్నా ఒక్కసారి జోరుగా మంట వేసి ముగించడం మేలు. అది కూడా తెల్లవారుజామున నిద్ర చెడగొట్టుకోకుండా, సాయంత్రం వెలుగులో.

నా దగ్గు తగ్గింది. అయినా డాక్టరుగారు ఏడాదికోసారి ఊదించి పరీక్ష చేయించుకోమన్నారు, చేయించుకుంటున్నాను. కట్టెల పొయ్యి దగ్గర చాలా ఏళ్ళు గడిపి, దగ్గు విడవని వాళ్ళుంటే మీరూ ఆ పరీక్ష చేయించుకోండి. వయసు మీదపడిందిలే అని ఊరుకోకండి. మా అమ్మ అలాగే ఊరుకుంది.

ఇప్పుడు సాయంత్రం బాయిలరు వెలిగించేది మావారు. నడుం వంచక్కర్లేదు, పొగ లేదు, పైగా గంటన్నర పేపరు చదువుకుంటూ కూచోవచ్చు. ముప్ఫయి ఎనిమిదేళ్ళు నేను కింద కూచుని వెలిగించినన్నాళ్ళూ ‘అదెంత పని!’ అన్న మనిషి, ఇప్పుడు ‘నేను లేకపోతే ఈ ఇంట్లో వేణ్ణీళ్ళు లేవు’ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటున్నారు. చెప్పుకోనివ్వండి, నాకు ఆరున్నరదాకా నిద్ర దొరికింది.

ఆ మధ్య రాగి, ఇత్తడి కొనే అతను మళ్ళీ మా వీధిలోకి వచ్చాడు. నేను దొడ్లోంచి వచ్చేలోపలే వీధి అరుగుమీద కూచున్న అత్తయ్యగారు ‘మా ఇంట్లో అమ్మేవి ఏవీ లేవు బాబూ, ఇంకెప్పుడూ రాకు’ అని పంపించేశారు. అమ్ముదామని నేను నెల్లాళ్ళుగా మూటకట్టి పెట్టుకున్న పాత ఇనప సామాను అలాగే ఉండిపోయింది!